ఫోన్‌కి డాక్-ఆంప్: అపోహలు, వాస్తవాలు

వేలెడంత డాంగిల్ అయినా, బ్యాటరీతో నడిచే అరచేతి డబ్బా అయినా చేసే పని రెండే. ఫోన్ పంపే అంకెలను విద్యుత్ తరంగంగా మార్చేది డాక్. ఆ తరంగానికి హెడ్‌ఫోన్‌ను కదిలించే సత్తువ ఇచ్చేది ఆంప్. కొనేముందు చూడాల్సినవి మూడు: ఎన్ని వోల్టులు ఇస్తుంది, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (ఆంప్ తన వైపు నుంచి చూపే విద్యుత్ అడ్డు, ఓమ్‌లలో) ఎంత, పాట లేనప్పుడు ఎంత బుస వినిపిస్తుంది. చిక్కేమిటంటే, అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించేవి ఈ మూడూ కావు.

అపోహ: యూఎస్‌బీ-సీ నుంచి 3.5 ఎంఎంకి మార్చే ముక్క ఏదైనా ఒకటే

వాస్తవం: చూడ్డానికి కవలల్లా ఉన్నా ఇవి రెండు వేర్వేరు వస్తువులు. ఒకదాంట్లో తీగలు తప్ప ఏమీ ఉండవు. ఫోన్ లోపలి డాక్ నుంచి వచ్చే అనలాగ్ సిగ్నల్‌ను, మామూలుగా డేటా నడిచే పిన్నుల మీదుగా బయటికి తెస్తుంది. ఫోన్‌లో ఆ ఏర్పాటు ఉంటేనే మోగుతుంది, లేకపోతే మూగదే. రెండోదాంట్లో సొంత డాక్, సొంత ఆంప్ ఉంటాయి. రేపు ఫోన్ మార్చినా పనిచేసే అవకాశం దీనికే ఎక్కువ. ఏది ఏదో తేల్చుకోవడం తేలిక: కంప్యూటర్‌కి గుచ్చండి. సౌండ్ పరికరాల జాబితాలో కొత్త పేరు వస్తే లోపల డాక్ ఉన్నట్టు. చార్జింగ్, పాట ఒకేసారి నడిపించే రెండు నోళ్ల అడాప్టర్లు కొనేటప్పుడూ ఇదే సంగతి ముందు అడిగి తెలుసుకోండి.

అపోహ: ఓమ్‌లు ఎక్కువైతే పెద్ద ఆంప్ తప్పనిసరి, 50 ఓమ్‌ల లోపైతే ఫోన్ చాలు

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా చేయించే మాట ఇది. హెడ్‌ఫోన్ కరెంటుకు చూపే అడ్డు, అంటే ఇంపిడెన్స్ ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, ఇచ్చిన విద్యుత్‌కి ఎంత శబ్దం వస్తుందో చెప్పే సెన్సిటివిటీని కలిపి చూడాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 650, హైఫైమ్యాన్ హెచ్‌ఈ6 రెంటినీ పక్కపక్కన పెట్టండి. మొదటిది 300 ఓమ్‌లు, 1 వోల్ట్ ఇస్తే 103 డెసిబెల్స్. రెండోది 50 ఓమ్‌లు, 1 మిల్లీవాట్ ఇస్తే 83.5 డెసిబెల్స్. పాటలో ఒక్క క్షణం వచ్చే పెద్ద శబ్దానికి 110 డెసిబెల్స్ చేరాలనుకుంటే, హెచ్‌డీ 650కి సుమారు 2.24 వోల్టులు, 17 మిల్లీవాట్లు సరిపోతాయి. హెచ్‌ఈ6కి 4.7 వోల్టులు, దాదాపు 447 మిల్లీవాట్లు, 95 మిల్లీఆంపియర్ల కరెంటు కావాలి. వేలెడంత డాంగిల్ చేతులెత్తేసేది 300 ఓమ్‌ల దగ్గర కాదు, ఈ 50 ఓమ్‌ల దగ్గర.

లెక్క మీరే వేసుకోవచ్చు. సెన్సిటివిటీని కొన్ని కంపెనీలు వోల్ట్‌కి రాస్తాయి, కొన్ని మిల్లీవాట్‌కి. తరచూ "డెసిబెల్స్" అని మాత్రమే రాసి ఊరుకుంటాయి, అప్పుడు మాన్యువల్ వెతకాల్సిందే. మిల్లీవాట్ అంకెను వోల్ట్ అంకెగా మార్చడానికి 16 ఓమ్‌లకు 18, 32కి 15, 50కి 13, 150కి 8, 300కి 5, 600కి 2 డెసిబెల్స్ కలపాలి. తర్వాత మీ డాంగిల్ వోల్టేజీ చూడండి. 1 వోల్ట్ అయితే ఏమీ కలపక్కర్లేదు, 2 వోల్టులకు 6, 4 వోల్టులకు 12 కలపండి. మొత్తం 110 చుట్టుపక్కల ఉంటే దేనికీ లోటు లేదు. ఆపిల్ అమ్మే చిన్న యూఎస్‌బీ-సీ అడాప్టర్ ఇచ్చేది సుమారు 1 వోల్ట్, యూరప్‌లో అమ్మే రకం అందులో సగమే. మామూలు ఇయర్‌ఫోన్‌కి ఇది ధారాళం. ఆ అడాప్టర్‌నే ఆండ్రాయిడ్‌కి పెడితే చాలా ఫోన్లలో శబ్దం తక్కువగా వస్తుంది. అడాప్టర్ లోపలి వాల్యూమ్‌ను ఫోన్ పూర్తిగా పైకి తీసుకెళ్లకపోవడమే కారణం, అడాప్టర్ పాడైపోలేదు.

110 అంటే క్షణికమైన శిఖరం, వినాల్సిన స్థాయి కాదు. పెద్దలకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు.

అపోహ: పవర్ పెరిగేకొద్దీ బాస్ పెరుగుతుంది

వాస్తవం: చాలినంత వోల్టేజీ, కరెంటు అందాక మిగిలిన పవర్ ఆంప్‌లో ఊరికే కూర్చుంటుంది. బాస్ మారినట్టు నిజంగానే వినిపిస్తే ముందు అనుమానించాల్సింది అవుట్‌పుట్ ఇంపిడెన్స్‌ను.

ఇయర్‌ఫోన్ మీద రాసే "16 ఓమ్‌లు" ఒక ఫ్రీక్వెన్సీ దగ్గరి అంకె మాత్రమే. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్లు (ఇయర్‌ఫోన్ లోపలి ఒక రకం బుల్లి స్పీకర్లు) ఒకటికి మించి ఉన్న ఇయర్‌ఫోన్‌లో ఇంపిడెన్స్ ఒకచోట 8 ఓమ్‌లకు పడిపోయి, ఇంకోచోట 40కి లేస్తుందనుకుందాం. ఆంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 10 ఓమ్‌లైతే, 8 ఓమ్‌ల దగ్గర 7 డెసిబెల్స్ నష్టం, 40 దగ్గర 2 మాత్రమే. అంటే ఎవరూ అడక్కుండానే 5 డెసిబెల్స్ ఈక్వలైజర్ తిప్పినట్టయింది. అదే 1 ఓమ్ అయితే తేడా 0.8 డెసిబెల్‌కి దిగుతుంది. హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే ఆంప్‌ది తక్కువ ఉండాలన్న పాత నియమం ఇందుకే. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి 2 ఓమ్‌ల లోపు, ఆర్మేచర్లు ఎక్కువుంటే 1 లోపు చూసుకోండి. ఇంపిడెన్స్ దాదాపు సరళరేఖలా ఉండే ప్లానార్ (పల్చని చదునైన పొరతో మోగే) హెడ్‌ఫోన్లకు ఈ బెంగ లేదు. అక్కడ కరెంటే సమస్య.

అపోహ: 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ అంటే ధ్వని నాణ్యత రెట్టింపు

వాస్తవం: రెట్టింపయ్యేది వోల్టేజీ. ప్రతి చెవికీ రెండు ఆంప్‌లు ఎదురెదురుగా పనిచేస్తాయి కాబట్టి 2 వోల్టులిచ్చే డాంగిల్ 4.4 సాకెట్‌లో సాధారణంగా 4 ఇస్తుంది, అంటే 6 డెసిబెల్స్ లాభం. హెచ్‌డీ 650 లాంటి దానికి ఇది అక్కరకొస్తుంది. ఇయర్‌ఫోన్‌కి అవసరం లేకపోవడమే కాదు, బుస కూడా పెరగొచ్చు. పైగా అవుట్‌పుట్ ఇంపిడెన్స్ కూడా రెట్టింపవుతుందని చాలామంది గమనించరు. అంత చిన్న తీగలో బయటి నాయిస్‌ను తగ్గించే లాభమంటూ చెప్పుకోదగ్గది ఏమీ ఉండదు.

ఇక్కడ ఒక తప్పు మాత్రం ఖరీదైనది. 4.4 సాకెట్‌లో అడాప్టర్ పెట్టి మామూలు 3.5 ఎంఎం హెడ్‌ఫోన్ గుచ్చకూడదు. ఎడమ, కుడి చెవుల నెగటివ్ తీగలు 3.5 ప్లగ్‌లో ఒకే చోట కలిసి ఉంటాయి. బ్యాలెన్స్‌డ్ ఆంప్‌లో ఆ రెండింటి మీదా విడివిడిగా సిగ్నల్ ఉంటుంది, కలిస్తే ఆంప్ షార్ట్ అవుతుంది. రక్షణ సర్క్యూట్ ఉంటే ఆగిపోతుంది, లేకపోతే చిప్ పోతుంది. దీనికి తిరగేసినది, అంటే 4.4 తీగ ఉన్న హెడ్‌ఫోన్‌ను అడాప్టర్‌తో 3.5 సాకెట్‌కి పెట్టడం, నిక్షేపంగా చేయొచ్చు.

అపోహ: చిప్ పేరు చూస్తే ధ్వని ఎలా ఉంటుందో తెలిసిపోతుంది

వాస్తవం: ఇది వెచ్చన, అది చల్లన అని చిప్‌లకు జాతకాలు రాయడం మానేస్తే మంచిది. సిరస్ లాజిక్ వారి సీఎస్ 43131లో హెడ్‌ఫోన్ ఆంప్ లోపలే ఉంటుంది. అదే కుటుంబంలోని సీఎస్ 43198లో ఉండదు, తయారీదారు బయట వేరే ఆంప్ పెట్టుకోవాలి. ఒకే చిప్ ఉన్న రెండు డాంగిల్స్ వేర్వేరుగా ప్రవర్తించడానికి ఆ ఆంప్, కరెంటు సరఫరా, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది) అమరికలే కారణం. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెఓకాలో ఏకేఎం చిప్ ఫ్యాక్టరీ తగలబడ్డాక ఎన్నో కంపెనీలు చిప్ మార్చి అవే మోడళ్లను మళ్లీ తెచ్చాయి. చిప్ ఒక్కటే సర్వస్వమైతే అది కుదిరేది కాదు.

అపోహ: 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ ఉన్నదే కొనాలి

వాస్తవం: 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లోనే 96 డెసిబెల్స్ విస్తృతి, 22 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీలు ఇముడుతాయి. మనిషి చెవి 20 దగ్గర ఆగుతుంది, వయసుతో ఇంకా తగ్గుతుంది. ఎంక్యూఏ (ఒక ఆడియో ఫార్మాట్) ముద్ర కోసం ఎక్కువ పెట్టడమూ దండగే, పాటల స్ట్రీమింగ్ సేవ టైడల్ 2024 జులైలో దాన్ని వదిలేసింది.

అయినా ఫైల్‌లో ఉన్నది ఉన్నట్టు డాక్‌కి చేరాలని కోరుకోవడంలో తప్పులేదు. ఆండ్రాయిడ్‌లో మామూలుగా అలా చేరదు. అన్ని యాప్‌ల శబ్దాన్నీ సిస్టమ్ మిక్సర్ కలిపి, ఎక్కువ ఫోన్లలో 48 కిలోహెర్ట్జ్‌కి మార్చి పంపుతుంది. వచ్చే కిలోహెర్ట్జ్‌ను బట్టి మారాల్సిన డాక్ లైటు రంగు ఏ పాటకీ మారకపోవడానికి కారణం ఇదే. ఆండ్రాయిడ్ 14 నుంచి యూఎస్‌బీ డాక్‌కి మార్పులేకుండా పంపే దారి వచ్చింది కానీ ఫోన్, యాప్ రెండూ దాన్ని వాడుకోవాలి. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటివి సొంత డ్రైవర్‌తో మిక్సర్‌ను తప్పించుకుంటాయి. నిజం చెప్పాలంటే ఈ 48 మార్పిడి కంటే, సెట్టింగుల్లో మరిచిపోయిన డాల్బీ అట్మాస్, ఈక్వలైజర్ లాంటివే ధ్వనిని ఎక్కువ మారుస్తాయి. ముందు అవి ఆపి చూడండి.

అపోహ: ఫోన్ వాల్యూమ్ తగ్గిస్తే బిట్లు పోతాయి

వాస్తవం: 24 బిట్ దారిలో 144 డెసిబెల్స్ చోటు ఉంది, 16 బిట్ పాటకు కావాల్సింది 96. మధ్యలో మిగిలిన 48 డెసిబెల్స్ దాకా తగ్గించినా పాటలోని బిట్లు రాలిపోవు. అసలు ఇబ్బంది మెట్లతో వస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్‌కి 15 మెట్లే. ఇయర్‌ఫోన్ సున్నితమైనదైతే రెండో మెట్టు వినపడదు, మూడోది గోల. డాంగిల్‌కి లో గెయిన్ ఉంటే అది పెట్టండి, బుస కూడా తగ్గుతుంది. డాక్‌కి సొంత బటన్లుంటే ఫోన్‌ను పైకి ఉంచి వాటితో సర్దుకోండి. మొదటిసారి గుచ్చినప్పుడు మాత్రం ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకోవద్దు. కొన్ని పరికరాలు పూర్తి వాల్యూమ్‌తోనే మొదలవుతాయి.

అపోహ: గుచ్చినా మోగలేదంటే డాంగిల్ పాడైనట్టే

వాస్తవం: తిప్పి పంపేముందు ఈ వరసలో చూడండి.

ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్ ఫోన్లలో ఓటీజీని (బయటి యూఎస్‌బీ పరికరాలను ఫోన్‌కి కలిపే ఏర్పాటును) సెట్టింగుల్లో చేత్తో ఆన్ చేయాల్సి రావొచ్చు, 10 నిమిషాలు వాడకపోతే అదే ఆగిపోతుంది. డెవలపర్ ఆప్షన్స్ తెరిచిన ఫోన్ అయితే "డిజేబుల్ యూఎస్‌బీ ఆడియో రూటింగ్" ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. తీగ విడిగా వచ్చే రకమైతే అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేది కాకూడదు. నాసిరకం ఓటీజీ తీగలు ఒకవైపే పనిచేస్తాయి కాబట్టి ప్లగ్ తిప్పి పెట్టండి, రెండు చివర్లు కూడా మార్చి చూడండి. ఫోన్ పోర్టులో జేబు నూలు పేరుకుంటే ప్లగ్ పూర్తిగా దిగదు. ఫోన్ ఆపేసి చెక్క పుల్లతో మెల్లగా తీయండి, సూదితో వద్దు.

లైట్నింగ్ పోర్టు ఉన్న ఐఫోన్లకు ఓటీజీ తీగ లేదా కెమెరా అడాప్టర్ కావాలి. పరికరం ఎక్కువ పవర్ తీసుకుంటోందని సందేశం వస్తే, పవర్ ఇన్‌పుట్ ఉన్న కెమెరా అడాప్టర్‌తోనో, సొంత బ్యాటరీ ఉన్న డాక్‌తోనో గట్టెక్కొచ్చు. ఐఫోన్ 15తో యూఎస్‌బీ-సీ వచ్చాక నేరుగా గుచ్చితే చాలు. బ్యాటరీ ఉన్న డాక్ ఫోన్ చార్జిని పీల్చేస్తుంటే, దాని మీద చార్జింగ్ ఆపే స్విచ్ ఉందేమో వెతకండి. బ్యాటరీ లేని డాంగిల్ ఎలాగూ ఫోన్‌నే తింటుంది, పాట ఆగాక గుచ్చి వదిలేస్తే కూడా.

మోగుతూ మధ్యలో టకటక, గరగర వస్తే విమాన మోడ్ పెట్టండి. పోతే అది ఫోన్ రేడియో తరంగాల చొరబాటు, డాంగిల్‌ను యాంటెనాకు కాస్త దూరంగా జరిపితే తగ్గుతుంది. చార్జర్ తీస్తే పోయేది చార్జర్ నాయిస్. జేబులో కదిలినప్పుడల్లా తెగిపోతుంటే పోర్టు వదులైంది. బిరుసుగా నిలబడే డాంగిల్ పోర్టు మీద మీటలా ఒత్తుతుంది, పొట్టి మెత్తని తీగ ఉన్నది మేలు.

అపోహ: డాక్ పెడితే బ్లూటూత్ హెడ్‌ఫోన్ కూడా బాగుపడుతుంది

వాస్తవం: పడదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో డాక్, ఆంప్ దాని లోపలే ఉంటాయి. ఫోన్‌కి తగిలించినది ఆ దారిలోనే లేదు.

అపోహ: రెండు డాంగిల్స్ మార్చి మార్చి వింటే ఏది గొప్పదో చెవే చెబుతుంది

వాస్తవం: ఒకటి అర డెసిబెల్ ఎక్కువ మోగినా చెవి దాన్ని "గట్టిగా ఉంది" అనదు, "స్పష్టంగా ఉంది" అంటుంది. పోల్చేముందు స్థాయి సమం చేయాలి. 300 హెర్ట్జ్ సైన్ టోన్ ఫైల్ పెట్టి, స్ప్లిటర్ ద్వారా హెడ్‌ఫోన్ తగిలించే ఉంచి, మల్టీమీటర్‌ను ఏసీ 2 వోల్టుల రేంజ్‌లో స్ప్లిటర్ రెండో నోటికి పెట్టిన ప్లగ్ కొనకు, దాని మొదలుకు ఆనించండి. టోన్ మోగేటప్పుడు హెడ్‌ఫోన్ తలమీద ఉండకూడదు. రెండు డాంగిల్స్ మధ్య తేడా 1 శాతం లోపుకు తేవాలి, అది సుమారు 0.1 డెసిబెల్. ఫోన్ మెట్లతో అంత దగ్గరికి రాకపోతే ప్లేయర్ యాప్‌లోని సొంత వాల్యూమ్ వాడండి. ఆ తర్వాత ఏది ఏదో మీకు చెప్పకుండా ఇంకొకరిని మార్చమనండి. 10 సార్లలో కనీసం 9 సార్లు సరిగ్గా గుర్తుపడితే తేడా ఉందనుకోవచ్చు, 6 సార్లే అయితే అది నాణెం ఎగరేసినా వచ్చే ఫలితం.