జట్లు మారే డిఫెన్స్ ఆటగాడి బతుకు: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో వృత్తి క్రీడాకారుల ఆదాయపు పన్ను లెక్కలు చూడడం నా పని. నా దగ్గరికి వచ్చేవారిలో తారలు తక్కువ. ఏటా ఒకటి రెండు జట్లు మారుతూ, టీవీలో పేరు వినపడకుండానే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొన్నేళ్ళు ఆడి వెళ్ళిపోయే డిఫెన్స్ ఆటగాళ్ళే, అంటే ప్రత్యర్థి ముందుకు రాకుండా అడ్డుకునేవారే ఎక్కువ. వీరిని జర్నీమ్యాన్ అంటారు. ఆదివారం ఆట చూసే మన తెలుగువారి నోట వీరి గురించి వినే కొన్ని మాటలను సరిదిద్దాలనిపించింది.

అపోహ: కాంట్రాక్టు మీద సంతకం పెడితే డబ్బంతా చేతికి వచ్చినట్టే.

వాస్తవం: 2024లో కొత్త ఆటగాడి కనీస వేతనం 7,95,000 డాలర్లు. అయితే అది 18 వారాల సీజన్‌కు లెక్కగట్టిన మొత్తం కాబట్టి, జట్టులో ఉన్న ఒక్కో వారానికి సుమారు 44 వేల డాలర్లు మాత్రమే అతని ఖాతాలో పడతాయి. హామీ లేని ఒప్పందంలో ఐదో వారం తర్వాత తీసేస్తే, మిగిలిన పదమూడు వారాల సొమ్ము లేనట్టే. అతన్నే ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి, అంటే సాధన కోసం ఉంచే అదనపు బృందంలోకి తీసుకుంటే ఆ ఏడాది వారానికి దక్కేది 12,500 డాలర్లు. అందుకే నేను ఎవరినీ జీతం ఎంతని అడగను, ఎన్ని వారాలు ఉన్నావని అడుగుతాను.

అపోహ: నాలుగు జట్లు వదిలేశాయంటే అతనిలో పస లేదు.

వాస్తవం: ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆగస్టు చివరికి ప్రతి జట్టూ 90 మందిని 53కు కుదించాలి. 32 జట్లలో కలిపి వెయ్యి మందికి పైగా ఒకేసారి ఉద్యోగం పోతుంది. పైగా కొత్త కోచ్ వచ్చి ముందు వరుసలో ముగ్గురి పద్ధతిని నలుగురికి మార్చాడంటే, నిన్నటిదాకా అంచు నుంచి దూసుకెళ్ళిన లైన్‌బ్యాకర్‌కు (ముందు వరుస వెనక నిలబడే డిఫెన్స్ ఆటగాడికి) ఆ జట్టులో చోటే ఉండకపోవచ్చు. లైన్‌బ్యాకర్ జేమ్స్ హారిసన్‌ను 2002లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే కార్యక్రమంలో ఎవరూ ఎంచుకోలేదు. పిట్స్‌బర్గ్ జట్టు పలుమార్లు తీసేసింది, జర్మనీ వెళ్ళి అక్కడి జట్టుకు ఆడాడు, బాల్టిమోర్ కూడా వదిలేసింది. ఆయనే మళ్ళీ పిట్స్‌బర్గ్ చేరి, 2008 సీజన్‌లో లీగ్ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. అంచు నుంచి దూసుకెళ్ళే మరో డిఫెన్స్ ఆటగాడు కామెరాన్ వేక్ కెనడాలో రెండేళ్ళు ఆడాకే 2009లో మయామీ జట్టులో అడుగుపెట్టాడు.

అపోహ: మొదటి పదకొండు మందిలో లేనివాడు కూర్చుని చూడడమే.

వాస్తవం: బంతిని తన్ని ప్రత్యర్థికి అప్పగించే కిక్‌ఆఫ్, పంట్ సమయాల్లో, దాన్ని అందుకున్నవాడి మీదికి పరుగెత్తి పడగొట్టేది ఎక్కువగా వీరే. చాలామంది చోటు నిలబెట్టుకునేది ఆ పరుగుతోనే.

అపోహ: ఒక్క వారం అటూ ఇటూ అయితే ఏం పోయింది?

వాస్తవం: సీజన్‌లో కనీసం 3 ఆటలకు పూర్తి వేతనం మీద ఉంటేనే అది పింఛను లెక్కలోకి వస్తుంది, అలాంటి సీజన్లు మూడు ఉంటే పింఛను హక్కు ఖాయం. అలాంటి సీజన్లు నాలుగు పూర్తికాని ఆటగాణ్ణి తీసేస్తే వెయివర్స్‌కు, అంటే మిగతా జట్లు కోరుకునే జాబితాకు వెళ్ళాల్సిందే. అక్కడ ఏ జట్టు కోరితే ఆ ఊరికి పోవాలి, ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. నా దగ్గరికి వచ్చే ఒక కార్నర్‌బ్యాక్‌ను (పాస్ అందుకునే ప్రత్యర్థిని కాపు కాసే ఆటగాణ్ణి) మూడో ఏడాది రెండు ఆటల దగ్గరే తీసేశారు. డిసెంబరులో మరో జట్టు పిలిచి, ఒక్క ఆదివారం ఆడించింది. ఆ ఒక్క ఆటతో పింఛను ఖాయమైందని నేను ఫోన్‌లో చెప్పినప్పుడు, ఆయన చాలాసేపు మాట్లాడలేకపోయాడు.

అపోహ: పన్ను సొంత రాష్ట్రంలో కడితే చాలు.

వాస్తవం: టెక్సాస్, ఫ్లోరిడా వంటి ఆదాయపు పన్ను లేని రాష్ట్రాలను మినహాయిస్తే, పనిచేసిన రోజుల దామాషాలో ఆడిన రాష్ట్రాలకూ పన్ను కట్టాలి. మూడు జట్లు మారిన ఆటగాడి దస్త్రంలో మూడు డబ్ల్యూ-2 పత్రాలు (జట్టు ఇచ్చే జీతం, పన్ను కోతల లెక్క), అరడజనుకు పైగా రాష్ట్రాల రిటర్నులు ఉండడం నాకు మామూలే. అందుకే మొదటి రోజే ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చి, ఏ రోజు ఏ ఊళ్ళో సాధన చేశావో ఆ రాత్రే రాసిపెట్టుకోమంటాను.