150 వాట్ల యాంప్లిఫయర్‌ని చిన్నగా ఎందుకు పెడతానంటే

గుంటూరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అడిగారుగా, "తాతయ్యా, మా స్పీకర్ డబ్బా మీద 1000 వాట్లని రాసుంది, నీ పెద్ద పెట్టె 150 వాట్లే, మరి నీదెందుకు గొప్ప?" అని. ఫోన్లో మొదలుపెడితే మీ అమ్మ "ఇక చాల్లే నాన్నా" అంటుంది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ 1000 సంగతి. పక్కన పీఎంపీఓ (ఒక్క క్షణం రాగలదని చెప్పుకునే గరిష్ట పవర్) అని ఉంటే ఆ అంకెను మర్చిపోండి. దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్ళు అచ్చేసుకుంటారు. మీ పెదనాన్న అమెరికా నుంచి మోసుకొచ్చిన నా పెద్ద పెట్టె, క్రౌన్ డీసీ-300 యాంప్లిఫయర్, లెక్క వేరు. 8 ఓమ్‌ల స్పీకర్ పెడితే ఒక్కో ఛానల్‌కి 150 వాట్లు ఆగకుండా ఇస్తుంది. ఆ మోడల్ వచ్చింది 1967లో. ట్రాన్సిస్టర్లతో అంత పవర్ అప్పట్లో చిన్న విషయం కాదు.

మరి అంత పవర్ పెట్టుకుని చిన్నగా వినడం ఎందుకు? మన హాల్లో మామూలుగా పాట వింటే స్పీకర్‌కి వెళ్ళేది ఒక వాటు అటూ ఇటూ. కానీ నాదస్వరం కచేరీలో డోలు మీద ఒక్క గట్టి దెబ్బ పడిందనుకోండి, ఆ క్షణానికి 20 డెసిబెల్స్ పైకి లేవచ్చు. అంటే వంద రెట్లు పవర్ కావాలి. ఒక వాటు కాస్తా వంద వాట్లవుతుంది. 20 వాట్ల యాంప్లిఫయర్ దగ్గర అది ఉండదు కాబట్టి దెబ్బ తల నరికేసి పంపుతుంది. మైకు సెట్ల వాళ్ళు 'క్లిప్ అవుతోంది' అనేది దీన్నే. డోలు చప్పుడు రేకు డబ్బా చప్పుడవుతుంది, ట్వీటర్లు (సన్నటి శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు) కాలిపోయేదీ ఎక్కువగా ఇలాగే. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే. రెట్టింపు మోగినట్టు వినపడాలంటే దాదాపు పది రెట్లు పవర్ కావాలి. కాబట్టి 150 వాట్లు కొనుక్కునేది వీధంతా మోగించడానికి కాదు, ఆ డోలు దెబ్బ కోసం.

ఇప్పుడు భయపడాల్సిన సంగతి. ఈ యాంప్లిఫయర్లో ట్రాన్సిస్టర్లకీ స్పీకర్‌కీ మధ్య డీసీని (బ్యాటరీలోలాగా ఒకే దిక్కుకి పోయే కరెంటుని) ఆపే కెపాసిటర్ అడ్డం ఉండదు. బాస్ చక్కగా వస్తుంది, నిజమే. అయితే ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే లోపలి డీసీ వోల్టేజీ నేరుగా స్పీకర్‌లోకి దిగుతుంది, స్పీకర్ లోపలి తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, మాడి పొగ వస్తుంది. అందుకే చాలా రోజుల తర్వాత ఆన్ చేసేటప్పుడు స్పీకర్ తీగలు పీకేసి, ముందు మల్టీమీటర్‌తో ఔట్‌పుట్ దగ్గర డీసీ చూస్తాను. పదుల మిల్లీవోల్టుల్లో ఉంటే సరే. వోల్టుల్లో ఉంటే స్పీకర్ జోలికి వెళ్ళకూడదు.

పాతవాటిలో ముందు ముసలివయ్యేవి పవర్ సప్లై కెపాసిటర్లు. మేడ మీద వాటర్ ట్యాంకులాగా ఇవి కరెంటు నిలవ చేసి, అవసరమైనప్పుడు ఒక్కసారిగా ఇస్తాయి. లోపలి ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని లెక్క. మన రోహిణి కార్తె ఎండల సంగతి మీకు తెలుసుగా! కొత్తవి వేయించేటప్పుడు 85 డిగ్రీల వేడి తట్టుకునేవి కాకుండా 105 డిగ్రీలవి అడుగుతాను. స్పీకర్లో ఝుమ్మని సన్నటి మోత మొదలైతే మొదట వీటినే అనుమానించాలి. అలాగని లోపలున్న ప్రతి ముక్కా మార్చెయ్యమనే వాళ్ళ మాట నేను వినను. బాగా పనిచేస్తున్న పాత ట్రాన్సిస్టర్ తీసి, బజార్లో దొరికే డూప్లికేట్ పెట్టుకుంటే ఏం లాభం?

ఇంకోటి, ప్లగ్ పీకేశాక కూడా ఆ కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. కాబట్టి మూత మీరు తియ్యకూడదు, నేను పక్కనున్నా సరే. మెకానిక్ వచ్చినా రెసిస్టర్ పెట్టి చార్జ్ దించాకే చెయ్యి పెట్టనిస్తాను. కొందరు స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపిస్తారు, అలాంటివాళ్ళని మళ్ళీ పిలవను.

మనది 120 వోల్టుల మోడల్. ఇక్కడి 230కి తిన్నగా పెడితే అంతే సంగతులు, అందుకే మధ్యలో ఆ బరువైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. దుమ్ము దులపడం మాత్రం గుంటూరుకే ప్రత్యేకం. సీజన్లో మిర్చి లారీలు మన రోడ్డు మీదుగానే వెళ్తాయి కదా, వేడిని బయటికి పంపే హీట్ సింక్ రెక్కల్లో ఆ ఘాటంతా పేరుకుంటుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని బ్రష్‌తో దులుపుతుంటే మీ నానమ్మ వంటింట్లోంచి తుమ్ముతుంది.

రిపేరు తర్వాత ఎప్పుడూ సీరీస్ బల్బు, అంటే కరెంటు వచ్చే దారిలోనే ఒక బల్బు, పెట్టే ఆన్ చేస్తాం. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి, కరెంటుని అడ్డుకుని ట్రాన్సిస్టర్లని కాపాడుతుంది. ఒక్కసారి వెలిగి మందగించిందా, ఫర్వాలేదన్నమాట. దీనికి ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. మా వీధి షాపులో అవి పెట్టడం మానేశారు. సెలవులకి వచ్చేటప్పుడు మీ నాన్నకి చెప్పి 100 వాట్లవి రెండు సంపాదించి తీసుకురండి. బట్టల మధ్య పెట్టండి, పగలకుండా ఉంటాయి.

మీ తాతయ్య