ఎర్ర బంతి, నీలం ఆక్సిజన్

చిరంజీవులు అమ్ములు, బన్నీలకు, వాళ్లతోపాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ ధవళేశ్వరం నుంచి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను.

మొన్న వీడియో కాల్‌లో అమ్ములు ఒక ప్రశ్న వేసింది. స్కూల్లో ఇచ్చిన బంతుల డబ్బాతో నీటి అణువు కట్టి చూపిస్తూ, "తాతయ్యా, ఆక్సిజన్ నిజంగా ఎర్రగా ఉంటుందా?" అంది. నేను నోరు తెరిచేలోపు నెట్ పోయింది. మళ్లీ కలిసేసరికి మీ అమ్మమ్మ ఫోన్ లాక్కుని ఆవకాయ సంగతి ఎత్తుకుంది. నా జవాబు నాలోనే ఉండిపోయింది. ఇలాంటివి ఫోన్లో తేలవు, రాస్తేనే మేలని కూర్చున్నాను.

ఉండదమ్మా. మనం పీల్చే ఆక్సిజన్‌కి రంగే లేదు. మైనస్ 183 డిగ్రీల దాకా చల్లబరిస్తే ద్రవమవుతుంది, అప్పుడు చూస్తే లేత నీలం. మరి ఆ బంతికి ఎరుపు ఎవరు వేశారు? 1865లో హాఫ్‌మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసమిస్తూ, క్రోకే ఆటలో వాడే బంతులకు రంగులు వేసి, పుల్లలు గుచ్చి, అణువులు కట్టి చూపించాడు. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు, నైట్రోజన్ నీలం, క్లోరిన్ ఆకుపచ్చ. బొగ్గు నల్లగానే ఉంటుంది, క్లోరిన్ వాయువు పచ్చగానే ఉంటుంది, ఆ రెండూ సరే. మిగతావాటికి రంగు లేదు, కానీ ఏదో ఒకటి వేయకపోతే గుర్తుపట్టేదెలా? నూట యాభై ఏళ్లు దాటిపోయినా ఇప్పటికీ అవే రంగులు.

రంగు ఒక్కటే కాదు, ఆ బొమ్మలో ఉత్తవి చాలా ఉన్నాయి. పరమాణువు గట్టి బంతి కాదు. మధ్యలో పుల్లలూ ఉండవు. అయితే ఎర్ర బంతికున్న రెండు చిల్లులు ఒకసారి చూడు. అవి ఎదురెదురుగా ఉండవు, కాస్త వంపుగా ఉంటాయి. నీటి అణువులో ఆ కోణం 104.5 డిగ్రీలు. డబ్బా చేసినవాళ్లు దానికి దగ్గరగా చిల్లులు పెడతారు. ఆ వంపు వల్లే నీటి అణువుకి ఒక కొసన కాస్త రుణావేశం, ఇంకో కొసన కాస్త ధనావేశం ఏర్పడతాయి. మీ అమ్మ పప్పులో వేసే ఉప్పు కరిగేది అందుకే. అంటే రంగు కల్పితం, చిల్లు నిజం. హాఫ్‌మన్ కాలంలో చిల్లు కూడా నిజం కాదు సుమా. ఆయన అణువులన్నీ బల్లపరుపుగా ఉండేవి. పక్క పరమాణువుల్ని పట్టుకునే కార్బన్ చేతులు నాలుగూ బల్లపరుపుగా కాక, పైకీ కిందకీ నాలుగు వైపులకి చాచి ఉంటాయని వాంట్ హాఫ్, లె బెల్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది 1874లో.

పూజ మొదలుపెట్టేటప్పుడు అమ్మమ్మ పసుపు ముద్ద చేసి తమలపాకు మీద పెడుతుంది కదా. దానికి తొండం ఉందా, బొజ్జ ఉందా? అయినా అది గణపతే, మొదటి పూజ దానికే. ఒకటి ఇంకోదాని బదులు నిలబడడానికి పోలిక ఉండి తీరాలని ఏమీ లేదు. మన వార్డు మెంబరు మన వార్డులా ఉంటాడా? ఈ బదులు నిలబడే వ్యవహారాన్నే పెద్ద మాటల్లో ప్రాతినిధ్యం అంటారు. సైన్సులో ఎవరి పని చూసినా దీనిమీదే నడుస్తుంది.

నాకు చేతనైన పని సంగతి చెబుతాను. ఇరిగేషన్‌లో ముప్ఫై ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. డెల్టా కాలువల ఎల్-సెక్షన్లు గీయడం నా ఉద్యోగం. కాలువని పొడవునా కత్తితో కోసి పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ బొమ్మ అన్నమాట. అడుగు ఎంత మట్టంలో ఉంది, నీళ్లు ఎంతవరకు వస్తాయి, గట్టు ఎంత ఎత్తు, అన్నీ అందులో ఉండాలి. చిక్కేమిటంటే మన డెల్టా పళ్లెంలా చదును. కాలువ కిలోమీటరు పోయి పది సెంటీమీటర్లు దిగితే అదే గొప్ప. కాగితం మీద కిలోమీటరుని పది సెంటీమీటర్లుగా, అంటే పదివేలో వంతుగా గీశామనుకోండి. ఆ పది సెంటీమీటర్ల వాలునీ అదే లెక్కన గీస్తే మిల్లీమీటరులో నూరో వంతు వస్తుంది. ఎంత చెక్కిన పెన్సిలైనా గీత దానికంటే లావే పడుతుంది. వాలు కాస్తా గీతలో కలిసిపోతుంది. అందుకని నిలువు కొలతకి వేరే స్కేలు పెడతాం, నూరో వంతు అని. అప్పుడు ఆ వాలు ఒక మిల్లీమీటరై కంటికి ఆనుతుంది. కాలువని నిలువుగా నూరు రెట్లు సాగదీశామన్నమాట.

ఒకరోజు ఒక రైతు తూము పని మీద ఆఫీసుకొచ్చాడు. నా బల్ల మీద షీటు వాళ్ల కాలువదే. లాకుల దగ్గర రెండు మీటర్ల దిగుడుంది, షీటు మీద అది రెండు సెంటీమీటర్ల నిట్టనిలువు గోడ. అడ్డం లెక్కలో చదివితే రెండు వందల మీటర్లు! ఆయన కాసేపు కళ్లు చిట్లించి చూసి, "మా లాకుల దగ్గర జలపాతం ఎప్పుడు కట్టారు బాబూ?" అన్నాడు. అందరం నవ్వాం. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, తప్పు ఆయనది కాదనిపించింది. స్కేళ్లు రెండూ షీటు మూలన రాసే ఉన్నాయి, కాకపోతే చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ తర్వాత నుంచి పెద్దగా రాసేవాణ్ణి. షీటు అందం చెడుతోందని పై ఆఫీసరు ఒకాయన విసుక్కున్నాడు కూడా.

నదుల నమూనాలు చేసేవాళ్లకీ ఇదే తంటా. 1916లో మొదలైన ఒక కేంద్ర పరిశోధన సంస్థ ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉంది. అక్కడ నదుల్ని, ఆనకట్టల్ని చిన్నవిగా కట్టి, నీళ్లు వదిలి చూస్తారు. ఐదు కిలోమీటర్ల వెడల్పు నదిని ఐదు వందలో వంతుకి తగ్గిస్తే పది మీటర్లు, షెడ్డులో పడుతుంది. కానీ ఐదు మీటర్ల లోతు ఒక్క సెంటీమీటరైపోతుంది. సెంటీమీటరు నీళ్లు నదిలా పారవు, గచ్చు మీద ఒలికిన నీళ్లలా అంటుకుని సాగుతాయి. నదిని తగ్గించగలం గానీ నీటి స్వభావాన్ని తగ్గించలేం కదా. అందుకని అక్కడా లోతుని వేరే స్కేలులో పెడతారు, నా ఎల్-సెక్షన్‌లాగే. ఇంకో వింత వినండి. అన్ని వైపులా నూరో వంతుగా చేసిన నమూనాలో కాలం కూడా మారుతుంది, గంట వరద ఆరు నిమిషాల్లో అయిపోతుంది. నాకు భలే ఇష్టమైన లెక్క ఇది.

కిందటి నెల నాకు గుండెల్లో పట్టేసినట్టుంటే ఆస్పత్రికెళ్లాం. టెన్షన్ పడకండి, గ్యాసే. కానీ ఇసిజి తీశారు, ఆ కాగితం దాచుకున్నాను. గులాబీ రంగు గళ్ల మీద పైకీ కిందకీ పోయే గీత. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు జరుగుతుంది కాబట్టి ఐదు మిల్లీమీటర్ల ఒక్కో పెద్ద గడి సెకనులో ఐదో వంతు, అంటే నిమిషానికి 300 గళ్లు. నా గీతలో పొడుగు ముళ్లు రెండింటి మధ్య నాలుగు పెద్ద గళ్లున్నాయి. 300ని నాలుగుతో భాగిస్తే 75, నిమిషానికి నా గుండె అన్నిసార్లు కొట్టుకుంటోంది. ఆ గీత గుండెలా ఉందా? ఏ కోశానా లేదు. గుండెలో కరెంటు ఎప్పుడు ఎటు పోతోందో అంతవరకే అది చెబుతుంది. కవాటం కారుతోందా అంటే ఎకో చేయాలి, రక్తనాళం సన్నబడిందా అంటే మందు ఎక్కించి యాంజియోగ్రామ్ తీయాలి. మా డాక్టరమ్మ బల్ల మీద ఒకే మనిషి గుండెకి మూడు నాలుగు బొమ్మలుంటాయి, ఏ రెండూ కలవవు. ఇందులో అసలు గుండె ఏది అని ఆవిడ ఎప్పుడూ తల పట్టుకోదు.

మన భాష సంగతి చూడండి. మోడల్‌నీ నమూనా అంటాం, శాంపిల్‌నీ నమూనా అంటాం. ఎగ్జిబిషన్‌లో ఆనకట్ట నమూనా, ల్యాబులో రక్తం నమూనా. ఒకటి చేసింది, ఇంకోటి తీసింది. రెండోదాన్ని అన్నం వండే ప్రతివాళ్లూ చేస్తారు, ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తారు. అయితే గిన్నె అంతటా ఒకేలా ఉడికితేనే ఆ మెతుకు మాట చెల్లుతుంది. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలమందికి పైగా జవాబిచ్చారు. లాండన్ గెలుస్తాడని ఆ పత్రిక తేల్చేసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, 48 రాష్ట్రాల్లో 46 ఆయనవే. పత్రిక అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్, కార్ల జాబితాల్లోంచి తీసింది. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఎవరికుంటాయి? ఎన్ని లక్షల మెతుకులు పట్టుకున్నా అన్నీ పైపై మెతుకులే.

మందుల పరిశోధనలో మన బదులు నిలబడేది ఎక్కువగా ఎలుక. చాలావాటికి బాగానే పనికొస్తుంది. కానీ ఎలుకకి వాంతి రాదు, ఆ ఏర్పాటే దానికి లేదు. అందుకని వాంతులు తగ్గించే మందులు పరీక్షించాలంటే వేరే జంతువుని వెతుక్కోవాల్సి వచ్చింది. బన్నీకి ఈ ముక్క నచ్చుతుందని తెలుసు.

బదులు నిలబెట్టినది ఒక్కోసారి మనం దానికి నేర్పనివి కూడా చెబుతుంది. 1869లో మెండలీవ్ మూలకాల్ని పట్టికగా పేర్చాడు. అప్పటికి తెలిసినవి అరవై పైచిలుకే. లక్షణాలు కుదరని చోట బలవంతంగా దూర్చకుండా ఖాళీ గడి వదిలేశాడు. అల్యూమినియం కింద అలా ఒక ఖాళీ ఉంది. 1875లో ఫ్రాన్స్‌లో బ్వాబోద్రాన్ అనే ఆయన కొత్త లోహం కనిపెట్టి గాలియం అని పేరు పెట్టి, సాంద్రత 4.7 అని ప్రకటించాడు. రష్యాలో కూర్చున్న మెండలీవ్ ఆ లోహాన్ని కంటితో చూడలేదు. అయినా, మీ లోహం శుద్ధిగా ఉన్నట్టు లేదు, 5.9 దగ్గర రావాలి, మళ్లీ తూచండి అన్నాడు. ఎంత ధైర్యం! లోహం చేతిలో ఉన్నవాడికి కాగితం చేతిలో ఉన్నవాడు చెప్పడం. బ్వాబోద్రాన్ మళ్లీ శుద్ధి చేసి తూస్తే వచ్చింది 5.9. నేను గీసిన షీట్లలో ఒక్కటి కూడా నాకు అలా ఎదురు చెప్పలేదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను, మన కోస్తాలో రోజూ పనికొచ్చేది. తుఫానంటే టీవీలో ఒక గీత, దాని చుట్టూ గరాటులా వెడల్పవుతూ పోయే ఆకారం చూపిస్తారు. ఆ గరాటు తుఫాను సైజు కాదు. తుఫాను కేంద్రం ఎటెటు పోయే అవకాశం ఉందో ఆ మేర. ఇవాళ్టికంటే ఎల్లుండి అంచనాలో తేడా ఎక్కువ రావచ్చు కాబట్టి పోనుపోనూ వెడల్పవుతుంది. గాలీ వానా దాని బయట కూడా ఉంటాయి. పక్కింటాయన ఒకసారి టీవీ మీద వేలుపెట్టి, "మన ఊరు బయటే ఉందండీ" అని స్కూటరు వేపచెట్టు కిందే వదిలేశాడు. తెల్లారేసరికి చెట్టు స్కూటరు మీదుంది. ఆయన్ని అనడానికేముంది, గరాటు దేనికి బదులో టీవీవాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ బంతుల డబ్బా తీసుకురండి. ఎర్ర బంతి ఒకటి మంచం కింద ఎక్కడో పోయిందని బన్నీ అన్నాడు కదా. ఏం ఫర్వాలేదు, అప్పటికి మన పెరట్లో రేగుపళ్లు వస్తాయి. పుల్లలు గుచ్చడానికి రెండు చిల్లులు నేను పెట్టిస్తాను, కోణం మాత్రం అమ్ములు కొలవాలి. ప్రొట్రాక్టరు మర్చిపోకండి.

మీ తాతయ్య