"వల్ల", "వల్లే": డెల్టా తగవులూ అనేకాంతవాదమూ

గోదావరి డెల్టా శివారు గ్రామాల్లో వరి రైతుకూ రొయ్యల చెరువు రైతుకూ మధ్య తగవు పెద్దమనుషుల ముందుకు వచ్చినప్పుడు "చెరువు వల్లే నా చేను పోయింది" అని ఒకరంటే, "మురుగు కాలువ పూడిపోవడం వల్లే పోయింది" అని రెండోవారు అంటారు. ఇద్దరి మాటల్లోనూ ఉన్న ఆ "వల్లే"లోని ఏకారం చేసే పని గురించి జైన తార్కికులు శతాబ్దాల కిందటే లోతుగా ఆలోచించారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల సార్వా (వానాకాలపు పంట), దాళ్వా (తరువాతి రెండో పంట) అనే రెండు పంటల సీమగా మారింది. కాలువ నీరు చివరిగా అందేది శివారు చేలకే, పై చేల మురుగు ముందుగా ముంచేదీ వాటినే. 2011లో కోనసీమ రైతులు పంట విరామం (సాగు మానుకోవడం) ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు బాధ కూడా వారి ఫిర్యాదుల్లో ఉంది. వరి మీద బతకలేక చేనును చెరువుగా తవ్వించుకున్న రైతు కథ ఇక్కడే మొదలవుతుంది కనుక అతన్ని కేవలం అత్యాశపరుడిగా చూడడం నాకు న్యాయంగా తోచదు. అయితే చెరువు గట్టును ఆనుకొని ఉన్న మడిలో, ఉప్పునీటి ఊట దిగిన మేర మట్టి మీద తెల్లగా ఉప్పు పేరుకుని, నాటిన నారు కొసల నుంచి ఎండిపోతూ రావడం చూసినవారెవరూ ఆ పక్క రైతు గోడును కొట్టిపారేయలేరు.

లోకం అంతమున్నదా, అనంతమా అన్న ప్రశ్నకు మహావీరుడు ద్రవ్యం (వస్తువు), క్షేత్రం (చోటు) దృష్ట్యా అంతమున్నదనీ, కాలం, భావం (స్థితి) దృష్ట్యా అనంతమనీ చెప్పినట్లు జైన ఆగమ గ్రంథమైన భగవతీ సూత్రంలో ఉంది. ఏ దృష్టితో అంటున్నామో చెప్పకుండా ఏదీ అనరాదన్న ఈ నియమమే తరువాత సిద్ధసేన దివాకరుడు, సమంతభద్రుడు వంటి జైనాచార్యుల చేతుల్లో అనేకాంతవాదంగా, స్యాద్వాదంగా స్థిరపడింది. ఇందులో "స్యాత్" అంటే "ఏమో" అని కాదు, "ఒకానొక దృష్టితో" అని. 12వ శతాబ్దపు జైనాచార్యుడు హేమచంద్రుడు ఒక శ్లోకంలో మూడు రకాల పలుకులను విడదీశాడు: "ఉన్నదే" అనడం దుర్నయం (మిగతా దృష్టులను కాదనే తప్పు దృష్టి), "ఉన్నది" అనడం నయం (ఒక పక్షపు దృష్టి), "ఒక దృష్టితో ఉన్నది" అనడం ప్రమాణం (సరైన జ్ఞానం). సంస్కృతంలో "ఏవ" చేసే పనిని తెలుగులో ఏకారం చేస్తుంది. "చెరువు వల్ల" అన్నది నయం; "చెరువు వల్లే" అన్నప్పుడు మిగతా కారణాలన్నీ తోసివేయబడి అది దుర్నయమవుతుంది.

ఈ ఆలోచన మన నేలకు పరాయిది కాదు. 10వ శతాబ్దంలో వేంగి చాళుక్య రాజు రెండవ అమ్మరాజు, సర్వలోకాశ్రయ జినభవనం అనే జైన ఆలయం కోసం అత్తిలినాటిలోని కలుచుంబఱ్ఱు గ్రామాన్ని దానమిచ్చినట్లు శాసనం ఉంది. అత్తిలి నేడు పశ్చిమ గోదావరి జిల్లాలోని వరి సీమ.

అయితే అనేకాంతాన్ని సామరస్య సూత్రంగా చదవడం ఆధునిక కాలపు పని. ఇతర మతస్థులను వారి దృష్టితో చూడడం తనకు ఈ సిద్ధాంతమే నేర్పిందని గాంధీ 1926లో రాశారు, 1933లో సంస్కృత పండితుడు ఎ.బి. ధ్రువ దీన్ని బౌద్ధికమైన అహింసగా వ్యాఖ్యానించారు. పూర్వపు జైనాచార్యులు మాత్రం ప్రత్యర్థులతో గట్టిగా వాదించారు, తప్పును తప్పనే అన్నారు. అందువల్ల అనేకాంతాన్ని "ఇద్దరిదీ సగం సగం నిజమే" అన్న సర్దుబాటుగా కుదించడం పొరపాటు.

తగవులో దీన్ని వాడదలచినవారు ద్రవ్యం, క్షేత్రం, కాలం, భావం అన్న నాలుగింటినే ప్రశ్నలుగా మార్చుకోవచ్చు. పాడు చేసినది ఊట ఉప్పా, నిలిచిన మురుగా? గట్టు పక్క మడిలోనా, చేనంతటానా? సార్వా వానల్లోనా, కాలువ నీరు తగ్గిన దాళ్వాలోనా? ఆనాటికి నారు ఏ దశలో ఉంది? మట్టి, నీటి పరీక్షల్లో గట్టు నుంచి దూరం పోయే కొద్దీ ఉప్పు తగ్గుతూ ఉంటే, ఆ మేరకు నష్టానికి బాధ్యత చెరువు యజమానిదే. చేనంతా ఒకే తీరున మునిగి కుళ్లితే పూడిక తీయని మురుగు కాలువ గురించి ఇద్దరూ కలిసి అడగవలసి ఉంటుంది.