కృతజ్ఞత గురించి మన ఇళ్లలో పాతుకుపోయిన అపోహలు

వరి కోతలు అయిపోయి పత్తి ఏరుడు జోరందుకునే రోజుల్లో, దేవరకొండ చుట్టుపక్కల మా క్రైస్తవ సంఘాల్లో కృతజ్ఞత కూడికలు మొదలవుతాయి. బోరు పడిందని, అమ్మాయికి సంబంధం కుదిరిందని, కొడుకు ఆపరేషన్ నుంచి బయటపడ్డాడని పిలుస్తారు. ఇరవై రెండేళ్లుగా సంఘ కాపరిగా ఈ కూడికల్లో వాక్యం చెబుతున్నాను. ప్రార్థన అయ్యాక చాప మీద కూర్చుని టీ తాగేటప్పుడు మనసులోని మాటలు బయటికి వస్తాయి. వాటిలో కొన్ని మంచి విశ్వాసులను ఏళ్ల తరబడి లోలోపల నలిపేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

కృతజ్ఞత అనే పదాన్ని విడదీసి చూడండి. కృతం అంటే చేసినది, జ్ఞత అంటే ఎరిగి ఉండటం. మనకు ఎవరు ఏ మేలు చేశారో ఎరిగి ఉండటమే కృతజ్ఞత. దానికి వ్యతిరేకం కృతఘ్నత, అంటే చేసిన మేలును చంపేయడం. నోటితో ఎన్నిసార్లు స్తోత్రం అన్నామన్నది ఈ పదంలో ఎక్కడా లేదు.

అపోహ: ఏం జరిగినా స్తోత్రమే చెప్పాలి, ఏడిస్తే విశ్వాసం లేనట్టు.

ఈ అపోహను ఒక ఇంట్లో నేనే నాటాను. కాపరిగా చేరిన మూడో ఏడు, పిడుగుపాటుకు పద్దెనిమిదేళ్ల కొడుకును పోగొట్టుకున్న తల్లి దగ్గరికి వెళ్లాను. ఆమె గుండెలు బాదుకుంటోంది. "అమ్మా, అన్నిటికీ స్తోత్రం చెప్పాలి, అలా ఏడవకూడదు" అన్నాను. ఆమె చప్పున ఏడుపు ఆపి, కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడాది పాటు మందిరం గడప తొక్కలేదు. ఆ కొంగు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంటుంది. తర్వాత వెళ్లి క్షమాపణ అడిగాను. "మీరు మంచికే చెప్పారు అయ్యగారూ" అంది. మంచికే చెప్పినా తప్పు తప్పే.

వాస్తవం ఏమిటంటే, బైబిల్లోని థెస్సలొనీకయుల పత్రికలో ఉన్నది 'ప్రతి విషయమునందును' అన్న మాట. అందు అంటే అందులో ఉండగా. పిడుగు పడినందుకు వందనాలు చెల్లించమని అక్కడ లేదు. మరి ఎఫెసీ పత్రికలో 'సమస్తమునుగూర్చి' అని ఉంది కదా అని అడిగేవారున్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం ఆ పత్రికలు రాసిన పౌలు బతుకే చూడండి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఖైదీగా ఓడలో వెళ్తూ తుపానులో చిక్కుకున్నాడు. ఓడలో 276 మంది, పద్నాలుగు రోజులుగా సరైన తిండి లేదు. అప్పుడు రొట్టె పట్టుకుని అందరి ముందు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తిన్నాడు. ఆ తుపాను మంచిదని ఎవరికీ నచ్చజెప్పలేదు. చేతిలో ఉన్న రొట్టెను చూశాడు. అదే పౌలు ఏడ్చేవారితో ఏడవమని రోమీయులకు రాశాడు.

యోహాను సువార్త 11వ అధ్యాయం ఇంకా స్పష్టంగా చెబుతుంది. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధికి వెళ్తూ 35వ వచనంలో యేసు కన్నీళ్లు విడిచాడు. సమాధి ముందు నిలబడి 41వ వచనంలో తండ్రికి కృతజ్ఞతలు చెల్లించాడు. రెండిటికీ మధ్య ఆరు వచనాల దూరం. ముందు ఏడ్చాడు కాబట్టి ఆ కృతజ్ఞత చెల్లదని ఎవరైనా అనగలరా? 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. 88వ కీర్తన అయితే చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు కూడా లేదు. అయినా అది బైబిల్లో ఉంది. చావు ఇంట్లో ఏమి చెప్పాలో తెలియనప్పుడు నేను ఇప్పుడు ఆ కీర్తనే చదువుతాను.

అపోహ: సణుక్కున్నందుకే రోగం వచ్చింది, కృతజ్ఞత ఉంటే పోయేది.

ఈ మాటను మన నల్లగొండ నేల మీద నిలబడి అనడం నాకు మరీ బాధ. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో నడుము వంగిపోయి, కాళ్లు వంకర తిరిగి, మెడ తిప్పలేని మనుషులు ఎందరున్నారో మీకు తెలుసు. అటువంటి ఒక అక్కకు ఎవరో బోధకుడు, అరణ్యంలో దేవుని మీద సణిగిన ఇశ్రాయేలీయుల్లా నువ్వూ సణిగినందుకే నీకు ఈ శిక్ష అని చెప్పి వెళ్లాడట. ఆమె చిన్నప్పటి నుంచి తాగిన బోరు నీళ్ల సంగతి అతను అడగలేదు. ఇక్కడి రాతి పొరల్లోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కలుస్తుంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి తాగితే పళ్లలో, ఎముకల్లో పేరుకుంటుంది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నా, ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. ఇందులో ఆమె చేసిన పాపం ఎక్కడుంది? పుట్టు గుడ్డివాడిని చూపించి, వీడు పాపం చేశాడా, వీడి కన్నవారా అని శిష్యులు అడిగితే, ఇద్దరూ కాదన్నాడు యేసు.

లూకా సువార్తలో యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠురోగుల కథను కూడా తలకిందులు చేసి చెబుతుంటారు. శుద్ధులైన పదిమందిలో తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పింది ఒక్కడు, అతడూ యూదులు దూరంగా పెట్టిన సమరయుడు. తొమ్మిదిమంది ఏరీ అని యేసు అడిగాడు, నిజమే. కానీ వాళ్ల కుష్ఠు తిరిగి వచ్చిందని లూకా ఎక్కడా రాయలేదు. ఇచ్చిన స్వస్థతను దేవుడు వెనక్కి లాక్కోలేదు.

ఆ అక్క మా కూడికల్లో సాక్ష్యం చెబుతుంది. వెన్ను బాగుపడిందని కాదు. బిందె మోసుకొచ్చి గడపలో పెట్టిపోయే పక్కింటి పిల్ల గురించి చెబుతుంది.

అపోహ: కానుక ఇచ్చేస్తే కృతజ్ఞత తీరిపోయినట్టే.

హైదరాబాదులో మంచి ఉద్యోగం చేసే ఒక తమ్ముడు పండుగకు ఊరొచ్చి, లావుపాటి కవరు నా చేతిలో పెట్టాడు. పక్కనే అతని తల్లి. ఆమె కళ్లజోడుకు ఒక కాడ లేదు, నల్లదారం చెవికి చుట్టి ఉంది. బైబిలు చదవడానికి దాన్ని చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. కవరు తిరిగిచ్చి, ముందు అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. అతనికి కోపం వచ్చింది. మార్కు సువార్త 7వ అధ్యాయం తీసి చూపించాను. తల్లిదండ్రులకు చెందాల్సిన దాన్ని 'కొర్బాను', అంటే దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునే వాళ్లను యేసు అక్కడ గట్టిగా తప్పుపట్టాడు. కానుకలు సంఘానికి అవసరమే, కాదనను. కానీ తల్లి కంటిచూపులోంచి తీసిన కానుక నాకొద్దు.

అపోహ: కూడిక ఘనంగా చేస్తేనే దేవునికి మహిమ.

షామియానా, మైకు, రెండు వందల మందికి కోడికూర. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కృతజ్ఞత కూడిక పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. మరుసటి నెల ఆ ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకునేది వడ్డీ గురించే.

లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణ నియమం ఉంది. ఆ మాంసాన్ని అర్పించిన రోజే తినేయాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. ఒక్క ఇంటివాళ్లు ఒక్కరోజులో అంత తినలేరు కదా. ఇరుగుపొరుగును పిలవక తప్పదని నేను అర్థం చేసుకుంటాను. దాచుకుంటే పాడయ్యేది, పంచుకుంటే తీరేది ఆ అర్పణ. పొంగని రొట్టెలతో పాటు, ఇళ్లలో రోజూ చేసుకునే పులిసిన రొట్టె కూడా అందులో ఉండాలని అదే అధ్యాయం చెబుతుంది. అంటే మన ఇంటి జొన్నరొట్టెకూ అక్కడ చోటుంది.

మా నాయనమ్మ పూటపూటా అన్నానికి బియ్యం కొలిచాక, అందులోంచి పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న చిన్న కుండలో వేసేది. కరువు ఏడు కూడా ఆ పిడికిలి ఆగలేదు, కాకపోతే చిన్నదయ్యేది. ఆదివారం ఆ కుండ కొంగు కింద పెట్టుకుని మందిరానికి పోయేది. ఆ బియ్యం ఎక్కువగా ఊళ్లోని దిక్కులేని ముసలమ్మకు చేరేవి.

అపోహ: తండ్రి నడిపిస్తేనే, గంట సేపు చేస్తేనే కుటుంబ ప్రార్థన.

ఇది నిజమైతే పాలమూరు వలస ఇళ్లలో సగం ఏడాది ప్రార్థనే ఉండకూడదు. పౌలు శిష్యుడు తిమోతికి విశ్వాసం అందింది అమ్మమ్మ లోయి, తల్లి యునీకే నుంచి. తండ్రి గ్రీసుదేశస్థుడని మాత్రమే రాసి ఉంది. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయమైతే ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడమంటుంది. గడియారం ప్రసక్తే లేదు. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఇంట్లో రాత్రి ఎనిమిదికి పుణెలో కూలికి వెళ్లిన తండ్రి ఫోను వస్తుంది. స్పీకరు పెట్టి పీట మీద ఉంచుతారు. అవతల కాంక్రీటు కలిపే యంత్రం చప్పుడు. పిల్ల ఒక వచనం చెబుతుంది, నాయనమ్మ నాలుగు మాటల్లో ప్రార్థిస్తుంది, తండ్రి ఆమేన్ అంటాడు. ఐదు నిమిషాలు. నేను చూసిన గొప్ప కుటుంబ ప్రార్థనల్లో అదొకటి.

అపోహ: ఇంట్లోవాళ్లకు కృతజ్ఞత చెప్పడం ఏమిటి, వాళ్లది బాధ్యత.

మన ఇళ్లలో కృతజ్ఞతలు పైకి చెప్పుకునే అలవాటు తక్కువ. అది తప్పనను, ప్రేమను ఇంకో తీరులో చూపుకుంటాం. కానీ చూడటమే మానేస్తే ప్రమాదం. రోమా పత్రిక చివరి అధ్యాయంలో పౌలు ఇరవైకి పైగా పేర్లు చెప్పి వందనాలు పంపాడు. తన కోసం ప్రాణాలకు తెగించిన ప్రిస్క, అకులలకు కృతజ్ఞుడినని రాశాడు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు. దేవునికి చెబితే చాలు, మనుషులకెందుకు అనుకోలేదు.

ఈ మధ్య మా ఇంట్లో భోజనం ముందు ప్రార్థనలో, ఆ పూట వండినవారి పేరు చెప్పడం మొదలుపెట్టాం. మొదటి రోజు మా ఆవిడ పేరు చెప్పి ముగించబోతుంటే చిన్నవాడు కళ్లు తెరిచి, "పెరుగుకు పాలు పోసిన తాత పేరేమిటి నాన్నా?" అన్నాడు. పదకొండేళ్లుగా ఆయన మాకు పాలు పోస్తున్నాడు. నాకు తెలియలేదు, ఆవిడకూ తెలియలేదు. ప్రార్థన అక్కడే ఆగింది. మర్నాడు తెల్లవారకముందే వాడు లేచి, గిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన సైకిలు స్టాండు వేసి, క్యాను మూత తీస్తూ, ఇంటిపేరుతో సహా చెప్పాడు.