బ్రాకెట్‌లో మైనస్ ఉంటే గ్రాఫు కుడికెందుకు జరుగుతుంది?

వై = ఎక్స్² గ్రాఫు చాలామందికి పరిచయమే. మూలబిందువు దగ్గర అడుగు ఆనించి, రెండు పక్కలా పైకి లేచే పరావలయం. దీనికి 3 కలిపి వై = ఎక్స్² + 3 అని రాస్తే వక్రం మొత్తం మూడు గడులు పైకి జరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు. అదే 3ను బ్రాకెట్‌లోకి తోసి వై = (ఎక్స్ + 3)² అన్నామా, వక్రం కుడికి పోకుండా ఎడమకు పోతుంది. మైనస్ పెడితే కుడికి వస్తుంది. "లోపల ఉంటే తిరగబడుతుంది" అని బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కేవాళ్లే ఎక్కువ. ఆ అవసరం లేదు.

వై = (ఎక్స్ − 3)² తీసుకోండి. దీని అట్టడుగు బిందువు ఎక్కడుంటుంది? బ్రాకెట్ లోపలిది సున్నా అయ్యే చోట, అంటే ఎక్స్ = 3 దగ్గర. పాత వక్రం ఎక్స్ = 2 దగ్గరే 4 ఎత్తుకు చేరింది. కొత్తది అదే ఎత్తుకు చేరాలంటే బ్రాకెట్‌లో 2 మిగలాలి, అందుకు ఎక్స్ 5 కావాలి. మనం ఏ సంఖ్య ఇచ్చినా ముందే అందులో 3 కోత పడుతోంది కాబట్టి, పాత ఎత్తు రావాలంటే మూడు ఎక్కువ ఇచ్చుకోవాల్సిందే. వక్రం కుడికి జరగడమంటే అంతే.

అసలు సంగతి ఏమిటంటే, నిలువు దిశ కూడా సరిగ్గా ఇలాగే నడుచుకుంటుంది. మనం రాసే పద్ధతే దాన్ని కప్పేస్తుంది. వై = (ఎక్స్ − 3)² + 2 లోని 2ను ఇవతలి పక్కకు తెస్తే వై − 2 = (ఎక్స్ − 3)² అవుతుంది. ఎక్స్ నుంచి 3 తీస్తే కుడికి 3, వై నుంచి 2 తీస్తే పైకి 2. రెండింటికీ నియమం ఒకటే. వృత్త సమీకరణం చూడండి: (ఎక్స్ − 3)² + (వై − 2)² = 25. కేంద్రం (3, 2) అని తడుముకోకుండా చెప్పేస్తాం. ఎక్స్, వై రెండూ ఒకే పక్కన ఉండటంతో అక్కడ తిరగబడినట్టు ఏదీ అనిపించదు. పాఠం వృత్తంతో మొదలుపెట్టి వై = ఎక్స్² లాంటి ప్రమేయాలకు (ఫంక్షన్లకు) వస్తే సగం తికమక పుట్టనే పుట్టదని నా అభిప్రాయం.

సాగదీయడంలోనూ ఇదే వరస. ఎక్స్‌ను 2తో గుణిస్తే గ్రాఫు అడ్డంగా సగానికి కుదించుకుపోతుంది. సైన్ తరంగం ఒక చుట్టుకు 360 డిగ్రీలు తీసుకుంటే, సైన్ 2ఎక్స్‌కు 180 చాలు. రెండు మార్పులూ కలిసొచ్చినప్పుడు మాత్రం కాస్త నిదానించాలి. వై = (2ఎక్స్ + 6)² శీర్షం, అంటే అట్టడుగు బిందువు, −6 దగ్గర ఉండదు, −3 దగ్గర ఉంటుంది. ముందు 6 ఎడమకు జరిపి తర్వాత సగానికి కుదించినా, ముందు కుదించి తర్వాత 3 జరిపినా అక్కడికే చేరతాం. కుదించాక 6 జరిపితేనే లెక్క తప్పుతుంది.

ఒక్కోసారి రెండు వేర్వేరు మార్పులు ఒకే గ్రాఫు దగ్గర కలుసుకుంటాయి. (2ఎక్స్)² అంటే 4ఎక్స్². పరావలయాన్ని అడ్డంగా సగానికి నొక్కినా, నిలువుగా నాలుగింతలు లాగినా తేడా తెలియదు. 2 ఘాతం (ఎక్స్ + 3) అన్నది 2 ఘాతం ఎక్స్‌కు 8 రెట్లు. కాబట్టి ఘాతీయ వక్రాన్ని 3 ఎడమకు జరపడమూ, ఎనిమిదింతలు పైకి లాగడమూ ఒకటే. సంవర్గమానంలో (లాగరిథమ్‌లో) ఇది తలకిందులవుతుంది. 10 ఆధారంగా, 10ఎక్స్ సంవర్గమానం ఎక్స్ సంవర్గమానం కన్నా సరిగ్గా 1 ఎక్కువ. అడ్డంగా పదోవంతుకు నొక్కితే వక్రం ఒక గడి పైకి జరుగుతుందన్నమాట.

సైన్ తరంగాన్ని 180 డిగ్రీలు జరిపితే అది తలకిందులైన తన ప్రతిబింబమే అవుతుంది. తరంగానికి ఆ ప్రతిబింబాన్ని కలిపితే మిగిలేది సున్నా. చుట్టూ ఉన్న రొదను అణిచే హెడ్‌ఫోన్లు పనిచేసేది ఈ సూత్రం మీదే: బయటి శబ్దాన్ని మైక్‌తో పట్టి, తలకిందులు చేసి చెవిలోకి వదులుతాయి. తలకిందులు చేయడమెందుకు, కాస్త ఆలస్యంగా వదిలితే చాలదా? 100 హెర్ట్జ్ స్వరం, అంటే సెకనుకు 100 చుట్లు తిరిగేది, ఒక్కటే ఉంటే 5 మిల్లీసెకన్ల ఆలస్యం చాలు, అది దానికి సరిగ్గా సగం చుట్టు. కానీ అదే 5 మిల్లీసెకన్లు 200 హెర్ట్జ్ స్వరానికి పూర్తి చుట్టు. అది రద్దు కాకపోగా, రెట్టింపై వినిపిస్తుంది.