గండుతుమ్మెద గీసే గీత

బతుకమ్మ పండుగ దగ్గరపడే రోజుల్లో వరంగల్ చుట్టుపక్కల చెరువు కట్టల మీద తంగేడు విరగబూస్తుంది. పొద్దు పొడిచాక ఒక గుత్తి పక్కన కాసేపు నిలబడితే గండుతుమ్మెద రాక కంటి కన్నా ముందు చెవికే తెలుస్తుంది. ఎగిరేటప్పటి బొంగురు ఝుంకారం, అది కాళ్లతో పువ్వును వాటేసుకోగానే, ఒక్కసారిగా సన్నబడి పై స్థాయికి పోతుంది. అప్పుడు రెక్కలు ఆడవు. ఛాతీ కండరాలు మాత్రమే కంపిస్తాయి. తంగేడు పువ్వు ఇచ్చేది తేనె కాదు, పుప్పొడి. అది కూడా కేసరాల కొనన ఉన్న సన్నని రంధ్రాల వెనుక దాగి ఉంటుంది కాబట్టి, ఆ కంపనం తగిలితేనే జల్లెడలోంచి పిండి రాలినట్లు తుమ్మెద ఒంటి మీద రాలుతుంది. ఇలా వణికించడం చేతకాని కీటకానికి ఇక్కడ దక్కేది తక్కువ.

అదే నేల మీద ఫాల్గుణంలో పూసే మోదుగ తేనెపిట్టలకు తేనె పోస్తుంది. అయితే తంగేడు, మోదుగ దూరపు చుట్టాలు. పుప్పొడి కలిసినా వాటికి సంకర సంతానం కలగదు. దగ్గరి చుట్టాలు పక్కపక్కనే పూసినప్పుడే అసలు ప్రశ్న పుడుతుంది: అవి ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఆపేది ఏమిటి?

ఇందుకు అందమైన సమాధానం కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో దొరికింది. అక్కడ మిమ్యులస్ ప్రజాతికి చెందిన రెండు మొక్కలున్నాయి. గులాబీ రంగు పూల ‘లూయిసై’ ఎత్తైన చోట్ల పెరుగుతుంది, దాని దగ్గరికి బంబుల్ తేనెటీగలు వస్తాయి. ఎర్రపూల ‘కార్డినాలిస్’ దిగువన పెరుగుతుంది, దానికి హమ్మింగ్‌బర్డ్ పిట్టలే దిక్కు. నడిమి ఎత్తులో రెండూ కలిసి పూస్తాయి. మనిషి చేత్తో పుప్పొడి అంటిస్తే సంకర విత్తనాలు వస్తాయి, కొండ మీద మాత్రం సంకరాలు చాలా అరుదు. పూల రంగును శాసించే ఒక చిన్న జన్యుఖండాన్ని బ్రాడ్‌షా, షెమ్‌స్కే అనే శాస్త్రవేత్తలు తరతరాల సంకరణంతో ఒక జాతి నుంచి మరొకదానిలోకి మార్చి, 2003లో ఫలితాలు ప్రకటించారు. రంగు మారిన కార్డినాలిస్‌కు తేనెటీగల రాక 74 రెట్లు, లూయిసైకి పిట్టల రాక 68 రెట్లు పెరిగింది. జాతుల మధ్య గోడ అనుకున్నదానిలో ఎంత భాగం తేనెటీగ కంటిలో ఉందో, ఆ కంటిని మళ్లించడానికి జన్యువుల్లో ఎంత చిన్న మార్పు చాలో ఈ ప్రయోగం చూపింది. ఎత్తులో తేడా కూడా ఆ గోడలో భాగమేనన్నది మరవకూడదు.

వచ్చే అతిథి మారితే మొక్క ఎంత తొందరగా మారుతుందో 2017లో జ్యూరిక్ పరిశోధకులు ఆవ కుటుంబపు మొక్క మీద చూపారు. కేవలం 9 తరాల్లో, బంబుల్ తేనెటీగలు వాలిన మొక్కలు పొడవు పెరిగి పరిమళం పెంచుకున్నాయి. పూల మీద వాలే ఒక రకం ఈగలకు వదిలిన మొక్కలు పొట్టిగా, వాసన తక్కువగా తయారై, తమ పుప్పొడితో తామే గింజ కట్టడం ఎక్కువైంది. అలా తమలో తామే ఫలదీకరణ జరుపుకునే మొక్కల్లో జన్యు వైవిధ్యం తరతరానికీ తరుగుతుంది.

వాలే అతిథి మారితే మొక్కే మారిపోతుంది. తంగేడుకు ఆ అతిథి గండుతుమ్మెద. అందుకే చెరువు కట్టలు బాగుచేసేవారికి నా విన్నపం ఒకటుంది. ఎండిన మోడును కొట్టేసే ముందు, దానిలో వేలు పట్టేంత గుండ్రని రంధ్రం ఉందేమో చూడండి. గండుతుమ్మెద కట్టెను తొలిచి, పుప్పొడి ముద్దలు పెట్టి, పిల్లల్ని పెంచేది అందులోనే.